రెండూ ముప్పావు మహాత్మ్యం

సంగీత సమీక్షక మహాశయులకు సాష్టాంగ నమస్కారాలు.

తమరి గొప్పదనం గురించి నాలుగు ముక్కలు రాయాలని చాలాకాలంగా మనసులో ఉంది. సంగీత దర్శకుల మీద పుస్తకాలు వచ్చాయి, గాయకుల మీద వచ్చాయి, పాటల రచయితల మీద పరిశోధన చేసి డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లున్నారు. వీళ్లందరికీ మార్కులు వేసే తమరి మీద మాత్రం ఒక్క శతకమైనా రాలేదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? ఓ సంగీత దర్శకుడు నెలల తరబడి కిందా మీదా పడి కట్టిన ఆరు పాటల్ని, విడుదలైన పూట గడవకముందే విని, తూచి, ఐదుకి ‘రెండూ ముప్పావు’ అని తేల్చెయ్యడం మామూలు మనుషుల వల్ల అయ్యే పనా? మాబోటి మందబుద్ధులకు ఒక పాట నచ్చిందో లేదో తెలియడానికే వారం పడుతుంది. బస్సులో వింటాం, కూరలు తరుగుతూ వింటాం, ఎప్పుడో ఏ పెళ్లి ఊరేగింపులోనో బ్యాండువాళ్లు వాయిస్తుంటే విని ‘అరే, ఈ పాటలో ఇంత సంగతుందా’ అని అప్పుడు ముక్కున వేలేసుకుంటాం. మా చెవులకు అంత మందం.

రెండున్నర ఎవరైనా వేస్తారు. మూడు కూడా ఎవరైనా వేస్తారు. ఆ రెంటి మధ్య సరిగ్గా పావు దూరంలో కాలు నిలపడం ఉందే, అదీ విద్య. రెండున్నర వేస్తే నిర్మాతగారి ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. మూడు వేస్తే చదివేవాడికి అనుమానం వస్తుంది. రెండూ ముప్పావు వేస్తే ఫోనూ రాదు, అనుమానమూ రాదు. హీరోగారి అభిమానులు ‘దాదాపు మూడు’ అని పంచుకుంటారు, అవతలి హీరో అభిమానులు ‘మూడు కూడా దాటలేదు’ అని పంచుకుంటారు. ఒకే అంకెతో రెండు సైన్యాలకూ ఆయుధాలు సరఫరా చేసిన ఘనత చరిత్రలో తమరొక్కరిదే. సున్నా నుంచి ఐదు దాకా పావు పావు చొప్పున ఎక్కితే ఇరవై ఒక్క మెట్లున్నాయి. అందులో తమరు ఎక్కువగా వాడేది రెండున్నర నుంచి మూడున్నర దాకా ఉన్న అయిదే. మిగతా పదహారూ బూజు పట్టి ఉన్నాయని కొందరు గిట్టనివాళ్లు అంటారు. పొదుపు అంటే ఏమిటో తెలియనివాళ్ల మాట అది.

ఇక తమరి వచనం. దాని రుచి తెలియాలంటే ఒక సమీక్షని దగ్గర పెట్టుకుని వాక్యం వాక్యం చదవాలి. ఏ సినిమాది అని అడక్కండి, ఏ సినిమాకైనా ఇదే. మొదటి పాట హీరోగారి ప్రవేశం: ‘ఎనర్జిటిక్ మాస్ నంబర్. ఫ్యాన్స్‌కి పండగే.’ రెండోది: ‘ప్లెజెంట్ మెలోడీ.’ మూడోది: ‘ట్యూన్ క్యాచీగా ఉంది, వినగా వినగా ఎక్కుతుంది.’ నాలుగోది: ‘సిట్యుయేషనల్ సాంగ్, తెర మీద చూస్తే బాగుంటుంది.’ అయిదోది: ‘రొటీన్.’ ఆరోది ఐటం పాట: ‘బీ, సీ సెంటర్లను ఊపేస్తుంది.’ తుది మాట: ‘మొత్తమ్మీద సంగీత దర్శకుడు తన స్థాయికి తగ్గట్టు ఇవ్వలేకపోయినా నిరాశపరచలేదు.’

ఈ చివరి వాక్యాన్ని ఇంకోసారి చదవండి. స్థాయికి తగ్గలేదా, తగ్గిందా? నిరాశ కలిగిందా, లేదా? ఉపనిషత్తులకు భాష్యకారులున్నారు గానీ దీనికి భాష్యం రాయగలవాడు ఇంకా పుట్టలేదు.

‘వినగా వినగా ఎక్కుతుంది’ అన్న మాట దగ్గర నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆల్బం రాత్రి విడుదలైంది, సమీక్ష పొద్దున్నే వచ్చింది. తమరు విన్నది ఒక్కసారి. అదీ పూర్తిగా విని ఉంటే. ఆ ఒక్కసారిలోనే, ముందు ముందు మేం పదిసార్లు వినబోతున్నామనీ, ఏడోసారో ఎనిమిదోసారో అది మాకు ఎక్కబోతోందనీ తమరికి తెలిసిపోయింది. దీన్ని త్రికాలజ్ఞానం అనక ఏమనాలి? అలాగే ‘తెర మీద చూస్తే బాగుంటుంది’ అన్నది. పాటల సమీక్షలో కూర్చుని, పాట సంగతి కళ్లకు అప్పజెప్పి, చెవులకు సెలవు ఇచ్చేశారు. ఇక ‘ప్లెజెంట్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. కల్యాణి అయినా ప్లెజెంటే, మోహన అయినా ప్లెజెంటే, హిందోళం అయినా ప్లెజెంటే. డెబ్బై రెండు మేళకర్తలు, వాటి జన్యరాగాలు అంటూ వెంకటమఖి పరంపర వాళ్లు అంత గ్రంథం పెంచారు. తమరు ఒక్క మాటతో అందర్నీ ఒకే ఇంట్లో కాపురం పెట్టించారు.

పాటలో పల్లవి తర్వాత కూడా ఏవో వస్తాయని కొందరు చాదస్తులు అంటుంటారు. ఇళయరాజా సంగతి తీసుకోండి. నొటేషన్ అంతా తానే రాసి, వయొలిన్లకు ఇది, ఫ్లూటుకు ఇది, బేస్ గిటారుకు ఇది అని కాగితాలు పంచేవాడాయన. మొదటి చరణం ముందు వచ్చిన వాద్యసంగీతం రెండో చరణం ముందు మళ్లీ అదే రావడం ఆయన పాటల్లో అరుదు. రెండోసారి ఇంకో వాద్యం అందుకుంటుంది, ఇంకో దారిన వెళ్తుంది, ఎక్కడో తిరిగి తిరిగి గాయకుడు నోరు తెరిచే వేళకి సరిగ్గా వచ్చి గడప దగ్గర నిలబడుతుంది. ఇదంతా వినాలంటే పాట మూడో నిమిషం దాకా ఆగాలి. స్పాటిఫై లెక్కలో ముప్పై సెకన్లు వింటే ఒకసారి విన్నట్టే. కంప్యూటరుకే ముప్పై సెకన్లు చాలినప్పుడు తమరు మూడో నిమిషం దాకా ఆగాలనడం అమానుషం. అయినా ఆ కాలంలో ఈ పావుల రేటింగులు లేవు కాబట్టి ఆయన అలా రాసుకుంటూ పోయాడు. తమరుండి ఉంటే రెండో చరణం ముందు సంగీతం ఎవడూ వినడం లేదని తెలిసి ఆ కాగితాలు ఆదా అయ్యేవి.

సాహిత్యం విషయంలో తమరి సంయమనం మరీ అబ్బురం. కె.వి. మహదేవన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన మాతృభాష తెలుగు కాదు. అయినా ముందు పాట రాయించుకుని, ఆ రాసిన మాటకి బాణీ కట్టడం ఆయనకిష్టం. ఆయన పక్కన సహాయకుడిగా పుహళేంది ఉండేవాడు. వాళ్లిద్దరూ మాట ఎక్కడ విరగాలో, దీర్ఘం ఎక్కడ సాగాలో చూసుకుని మరీ స్వరం వేసేవాళ్లు. ఇప్పుడు బాణీ ముందు వస్తుంది, తననన మీద రచయిత మాటలు పేర్చాలి. ఈ రెండు పద్ధతుల్లో మాటకి ఏం జరుగుతుంది, ఒత్తు ఎక్కడ నలిగిపోతుంది, హ్రస్వం ఎందుకు దీర్ఘమై కూర్చుంటుంది, ఇవన్నీ రాయాలంటే పేజీలు పడతాయి. తమరికి రెండు మాటలు చాలు: ‘సాహిత్యం బాగుంది.’ నచ్చకపోతే మూడు: ‘సాహిత్యం ఇంకాస్త బాగుండాల్సింది.’

అయితే రచయిత పోయిన రోజున చూడాలి తమరి ఔదార్యం. వేటూరి 2010 మే 22న పోయారు, సిరివెన్నెల 2021 నవంబర్ 30న పోయారు. ఆయా మర్నాడు ప్రతి పాటా ఆణిముత్యమే, ప్రతి మాటా అజరామరమే. బతికుండగా ‘లిరిక్స్ ఓకే’ అనిపించుకున్నవాడు చచ్చి ఐదుకి ఐదు కొట్టాడు. పూర్తి మార్కులు రావాలంటే ఏం చెయ్యాలో ఇంత స్పష్టంగా చెప్పిన పరీక్షాధికారులు మరొకరు లేరు.

‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉన్నాయనీ, ఆ తర్వాత నోటి మాట మీదే జనం పోటెత్తారనీ ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మహదేవన్‌కి, బాలుకి, వాణీ జయరామ్‌కి జాతీయ బహుమతులు వచ్చాయి. ఆనాడు తమరి కొలతలు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఉండి ఉంటే సమీక్ష ఇలా వచ్చేది: ‘శాస్త్రీయ సంగీతం డోసు ఎక్కువైంది. యూత్‌కి కనెక్ట్ కావడం కష్టం. హీరో వయసు మైనస్. ఒక్క మాస్ బీట్ కూడా లేకపోవడం దెబ్బ. క్లాస్ ఆడియన్స్‌కి ఓకే. రెండూ ముప్పావు.’ జనం జాగ్రత్తపడి ఇంట్లోనే కూర్చునేవాళ్లు, టికెట్ డబ్బులు మిగిలేవి.

తమరి విద్య ఇక్కడ పుట్టింది కాదు. దీనికి గురుపీఠం అమెరికాలో ఉంది. ఆ గురువుల కథలు వింటే తమరి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

రోలింగ్ స్టోన్ అని 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన పత్రిక. 1969లో లెడ్ జెపెలిన్ అనే కొత్త బృందం మొదటి ఆల్బం తెస్తే, ఆ పత్రిక సమీక్షకుడు పెదవి విరిచాడు. 2003లో అదే పత్రిక ప్రపంచంలోకెల్లా గొప్ప ఆల్బంలంటూ 500 ఎంచితే, ఆ పెదవి విరిచిన ఆల్బమే 29వ స్థానంలో కూర్చుంది. నిర్వాణా బృందం ‘నెవర్‌మైండ్’ ఆల్బం 1991లో వచ్చినప్పుడు ఆ పత్రిక వేసినవి ఐదింటికి మూడు చుక్కలు. 2003 జాబితాలో అదే ఆల్బం 17వది, 2020లో మళ్లీ జాబితా వేస్తే 6వది. ఆల్బంలో ఒక్క స్వరం మారలేదు. మారింది గాలి. గాలి ఎటు వీస్తోందో ఇంత కచ్చితంగా చూపించే పరికరాన్ని కొందరు పొరపాటున సంగీత విమర్శ అంటున్నారు.

స్నేహధర్మం కూడా ఆ పీఠంలోనే నేర్చుకోవాలి. 2001లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ సొంతంగా ఓ ఆల్బం తెచ్చాడు. దానికి ఐదుకి ఐదు చుక్కలు పడ్డాయి. సమీక్ష రాసింది సాక్షాత్తూ పత్రిక వ్యవస్థాపకుడు జాన్ వెన్నర్. జాగర్‌కి ఆయన చిరకాల మిత్రుడు. నిర్వాణాకి మూడు చుక్కలు, మిత్రుడికి ఐదు. ‘స్నేహమంటే ఇదేరా’ అని మనవాళ్లు ఊరికే సినిమాలకు పేర్లు పెట్టుకుంటారు గానీ ఆచరణలో చూపించింది ఆయన.

ఇంకో మహానుభావుడు రాబర్ట్ క్రిస్ట్‌గావ్. 1969 నుంచి విలేజ్ వాయిస్ పత్రికలో ఆల్బంలకి స్కూలు పిల్లల్లా ఏ ప్లస్ నుంచి ఈ మైనస్ దాకా గ్రేడులు వేశాడు. అమెరికా రాక్ విమర్శకులకు డీన్‌ని నేనే అని బిరుదు కూడా ఆయనే ఇచ్చుకున్నాడు. ఇచ్చేవాళ్లు వచ్చేదాకా ఆగడం దేనికి? ఆయనకు క్రమంగా అక్షరాలు కూడా బరువనిపించి బొమ్మలు వచ్చాయి. ఆల్బం బాగాలేకపోతే బాంబు బొమ్మ. ఆల్బంలో ఒక్క పాట మాత్రమే ఫరవాలేదనిపిస్తే కత్తెర బొమ్మ. అయితే నిజం చెప్పాలంటే, గ్రేడు పక్కన ఆయన రాసే నాలుగైదు వాక్యాల్లో వందల పేజీల చదువు ఉంటుంది, అవి బాగుంటాయి. శిష్యులు మాత్రం తెలివైనవాళ్లు. ఆ వాక్యాలు వదిలేసి గ్రేడు పట్టుకొచ్చారు.

వీళ్లందరి కన్నా ముందు 1967లో న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ అనే కుర్రాడు ఓ తప్పు చేశాడు. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బంని లోకమంతా నెత్తిన పెట్టుకున్న జూన్ నెలలో, ఇందులో స్టూడియో హంగులు ఎక్కువై అసలు సరుకు పలచబడిందని ఏకిపారేశాడు. జనం తిట్టిపోశారు. తర్వాత ఆ ఆల్బం ప్రపంచంలో మొదటి స్థానమని జాబితాలు వచ్చాయి. ఇంతకీ పాపం ఆయన చేసిన తప్పు ఆల్బం నచ్చలేదనడం కాదు. చుక్కలో, పాయింట్లో వేసే సౌకర్యం లేకపోవడంతో ఎందుకు నచ్చలేదో వాక్యాల్లో చెప్పవలసి వచ్చింది. అలా కారణాలు రాసిపెట్టిపోవడం వల్ల అర్ధ శతాబ్దం దాటినా జనం ఆయనతో వాదిస్తూనే ఉన్నారు. ఆ వాదించేవాళ్లు ఆల్బం మళ్లీ వింటున్నారు, ఆయన చెప్పిన చోట చెవి పెట్టి చూస్తున్నారు. కొందరికి ఆయన చెప్పింది కొంత నిజమేనని కూడా అనిపిస్తోంది. చూశారా ఎంత గొడవో! ‘రెండూ ముప్పావు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవడూ ఏమీ మళ్లీ వినక్కర్లేదు. అంకెతో వాదించేదెవరు? అంకె దగ్గర చెవి పెట్టి చూడ్డానికి ఏముంటుంది?

దశాంశాన్ని మహాకావ్యం చేసింది పిచ్‌ఫోర్క్ అనే నెట్ పత్రిక. 1990ల్లో ర్యాన్ ష్రైబర్ అనే కుర్రాడు మినియాపొలిస్‌లో మొదలుపెట్టాడు. అక్కడ కొలత సున్నా దశాంశం సున్నా నుంచి పది దశాంశం సున్నా దాకా, అంటే నూట ఒక్క మెట్లు. 7.8 ఆల్బానికీ 7.9 ఆల్బానికీ తేడా వినగలిగే చెవులు అక్కడివాళ్లవి. మన తాన్‌సేన్‌లకీ, సంగీత కళానిధులకీ శ్రుతిలో శ్రుతి వినబడేది, అంతే. ఆల్బంని దశాంశంలో వినగలిగే అదృష్టం వాళ్లకు లేకపోయింది.

2006లో ఆస్ట్రేలియాకు చెందిన జెట్ అనే బృందం ఆల్బానికి అక్కడ 0.0 పడింది. సమీక్షలో ఒక్క అక్షరం లేదు. ఓ కోతి తన నోట్లో తానే మూత్రం పోసుకుంటున్న వీడియో పెట్టి ఊరుకున్నారు. విమర్శకుడి జీవితంలో అత్యంత కష్టమైన పని వాక్యం రాయడం కదా. ఆ కష్టం కూడా తప్పించే మార్గం కనిపెట్టిన నాడే ఈ విద్య పరిపూర్ణత సాధించిందని నా అభిప్రాయం. దానికి రెండేళ్ల ముందు ట్రావిస్ మారిసన్ అనే గాయకుడు తన బృందం విడిపోయాక మొట్టమొదటిసారి ఒంటరిగా తెచ్చిన ఆల్బానికీ అక్కడ సున్నాయే. ఒంటరివాడి మీద, కొత్తవాడి మీద తమరి కులంవాళ్లకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. అది అక్కడి అలవాటే కాదు. మన దగ్గరా మొదటి సినిమా చేస్తున్న సంగీత దర్శకుడికి, వెనక ఏ కుటుంబమూ, ఏ బ్యానరూ లేనివాడికి, ఒకటిన్నర వేస్తున్నప్పుడు తమరి చెయ్యి వణకదు. ‘సంగీతం సినిమాకి పెద్ద మైనస్’ అని ఆ చెయ్యే బోల్డు అక్షరాల్లో రాస్తుంది. పండక్కి వచ్చే పెద్ద హీరో ఆల్బం ముందు మాత్రం అదే చెయ్యి వినయంతో వంగి, ముప్పావు దగ్గర ఆగిపోతుంది. బలహీనుల పట్ల కాఠిన్యం, బలవంతుల పట్ల మార్దవం: ఇంత సమతూకం గల న్యాయస్థానం ఇంకోటి చూపించండి.

ఇవన్నీ చాలవని 2001లో మెటాక్రిటిక్ అని ఒకటొచ్చింది. ఒకరి చుక్కలు, ఒకరి గ్రేడులు, ఒకరి దశాంశాలు అన్నీ ఒకే గంగాళంలో పోసి, కలిపి, వందకి ఇన్ని అని తీసి వడ్డిస్తుంది. నలుగురు నాలుగు రకాలుగా పొరబడితే సగటున నిజం బయటపడుతుందని దాని సిద్ధాంతం. బాగానే ఉంది.

మన వైపు కాలం మారింది. ఒకప్పుడు శిల్పకళావేదికలో ఆడియో ఫంక్షన్, ఆ సాయంత్రానికి సీడీ, మర్నాటికి సమీక్ష. అప్పట్లో కనీసం ఆరు పాటలూ ఒక్క చోట ఉండేవి కాబట్టి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఈ సంగీత దర్శకుడు ఏం చెయ్యబోయాడో అని ఊహించే ప్రమాదం ఉండేది. ఇప్పుడా ప్రమాదం లేదు. మొదటి సింగిల్ ఒకనాడు, రెండోది ఇంకో నెలకి, మూడోది ఎన్నికల కోడ్ అయ్యాక. ప్రతి దానికీ ముందు ప్రోమో. ప్రోమోకి ముందు అనౌన్స్‌మెంట్. తమరు ఇరవై సెకన్ల ప్రోమోని కూడా సమీక్షించగలరని నాకు తెలుసు, చూశాను. ‘ప్రోమో అదిరింది, ఫుల్ సాంగ్ మీద అంచనాలు పెరిగాయి.’ పాట వచ్చాక: ‘ప్రోమో పెంచిన అంచనాలను పాట అందుకోలేకపోయింది.’ అంచనా పెంచినదీ తమరే, కొలిచినదీ తమరే, తగ్గిందని బాధపడినదీ తమరే. సంగీత దర్శకుడు ఈ వ్యవహారంలో ఎక్కడా అడ్డు రాలేదు.

పైగా ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని లక్షల వ్యూలు అన్న లెక్క పక్కనే ఉండనే ఉంది. తమరి సమీక్ష ఆ అంకె వచ్చేదాకా ‘మిశ్రమ స్పందన’ అంటుంది, వచ్చాక ‘ఛార్ట్‌బస్టర్’ అంటుంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన మర్నాడు తెలుగునాట ఆ పాట గొప్పదని ముందే కనిపెట్టనివాడు ఒక్కడు కూడా లేడు. అంతకు ఏడాదీ నాలుగు నెలల ముందు దాని లిరికల్ వీడియో వచ్చిన రోజున ఆ కనిపెట్టినవాళ్లంతా ఏ ఊరు వెళ్లారో గానీ, తిరిగి వచ్చారు, అదే పదివేలు.

సమీక్షకి చుట్టూ అదే సినిమా పోస్టరు, పైన అదే హీరో, పక్కన అదే ఆడియో కంపెనీ ప్రకటన ఉంటాయని కొందరు ఆడిపోసుకుంటారు. నాకైతే అందులో తప్పు కనిపించదు. గుళ్లో అర్చకుడి చుట్టూ ఏ దేవుడి పటం ఉంటుంది మరి?

ఒక్క మనవి మాత్రం ఉంది. గురుపీఠంలో ఈమధ్య ఓ కొత్త ఆచారం మొదలైంది. 2003లో లిజ్ ఫెయిర్ అనే గాయని ఆల్బానికి పిచ్‌ఫోర్క్ 0.0 వేసింది. పదహారేళ్లకి, 2019లో, ఆ సమీక్ష రాసిన పెద్దమనిషే ఆమెకి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. 2021లో పత్రిక పాత పేపర్లు బయటకి తీసి, కొన్నిటిని మళ్లీ దిద్దింది. లిజ్ ఫెయిర్‌కి సున్నా కాస్తా 6.0 అయింది. డాఫ్ట్ పంక్ వాళ్ల ‘డిస్కవరీ’కి 2001లో 6.4 వచ్చింది, దిద్దితే 10.0. అంటే మొదటిసారి మూడు మార్కులూ ఆరు దశాంశాలూ ఎక్కడో లెక్కల్లో పడిపోయాయన్నమాట. అలా దిద్దుకున్న రెండేళ్ల మూడు నెలలకి, 2024 జనవరిలో, ఆ పత్రికని యాజమాన్యం జీక్యూ అనే మగవాళ్ల ఫ్యాషన్ పత్రికలో కలిపేసి, కొందరిని ఇంటికి పంపించింది. యాజమాన్యం నిర్ణయానికి ఎన్ని మార్కులో ఎవరూ వెయ్యలేదు. వెయ్యాల్సినవాళ్ల ఉద్యోగాలు పోయాయి.

ఆ దిద్దుబాటు ఆచారం మన దగ్గర కూడా మొదలెడితే బాగుంటుంది. తమరి పాత సమీక్షలు నెట్‌లో అలాగే ఉన్నాయి. ఇప్పుడు తమరే టీవీలో ‘ఎవర్‌గ్రీన్’ అని తలచుకుంటున్న ఆల్బంలకు ఆనాడు తమరే వేసిన రెండుంబావులు, రెండున్నరలు అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంటర్ బోర్డు ఏటా చేస్తుంది కదా, రీకౌంటింగ్‌కి ఇంత, జవాబు పత్రం నకలు కావాలంటే ఇంత అని. తమరూ అలాగే ఓ నోటిఫికేషన్ ఇప్పించండి. రీకౌంటింగ్ అయితే చుక్కలు మళ్లీ లెక్కపెడితే సరిపోతుంది, తమరికి శ్రమ లేదు. రీవెరిఫికేషన్ అయితే పాటలు మొదటి నుంచి చివరిదాకా వినవలసి ఉంటుంది, దానికి ఫీజు ఎక్కువే పెట్టుకోండి, ఎవరూ కాదనరు. నా దగ్గర ఓ పాతిక ఆల్బంల జాబితా సిద్ధంగా ఉంది. దరఖాస్తుకి ఆఖరు తేదీ ఎప్పుడో, చలానా ఎవరి పేరు మీద కట్టాలో తెలియజేయ ప్రార్థన.